ఉదయగిరి చెక్కపనిలో త్రీడీ పాఠం

వరికుంటపాడులో బొమ్మలు బాగా వేసే ఇంటర్ పిల్లలకు ఇంట్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న: "దీంతో ఉద్యోగం వస్తుందా?" అమ్మానాన్నల భయం న్యాయమైనదే. కానీ బొమ్మలు వేసే చేతికి ఇవాళ సైన్‌బోర్డులూ డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగమే దిక్కు కాదు. యానిమేషన్, గేములు, సినిమా గ్రాఫిక్స్, యాప్‌ల డిజైన్, వస్తువుల డిజైన్ అన్నీ ఆ చేతినే వెతుకుతున్నాయి. 2012లో వచ్చిన 'ఈగ' సినిమా గ్రాఫిక్స్‌కు హైదరాబాద్‌లోని మకుట సంస్థ జాతీయ అవార్డు అందుకుంది. పిల్లలందరికీ తెలిసిన ఛోటా భీమ్ పుట్టిందీ హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ స్టూడియోలోనే.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగితే బస్సెక్కి ఉదయగిరి వెళ్లమంటాను. అక్కడి ఇళ్లలో దుర్గం కొండ అడవుల చెక్కతో గరిటెలు, ఫోర్కులు, చెంచాలు చెక్కుతారు. పిడి మీద అల్లికలా కనిపించే సన్నని జాలీ ఆ పనికి ప్రాణం. ఈ చెక్కపనికి 2015లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ దక్కింది. అనుమతి అడిగి ఒక గరిటెను ఫోన్‌తో త్రీడీ స్కాన్ చేయండి. రియాలిటీస్కాన్ లాంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఎండ నేరుగా పడని చోట వస్తువును పెట్టి, చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలో కనిపించిన భాగం పక్క ఫొటోలోనూ కొంత పడేలా పదుల కొద్దీ ఫొటోలు తీయాలి. స్టీలు గిన్నె మెరుపు ఈ పద్ధతికి పడదు. పాలిష్ పెట్టని చెక్క చక్కగా కుదురుతుంది.

అయినా మొదటి స్కాన్ నిరాశపరుస్తుంది. గరిటె తల బాగానే వస్తుంది, జాలీ దగ్గర మాత్రం రంధ్రాలు పూడిపోయి ముద్దలా కనిపిస్తుంది. సన్నని కడ్డీలను, వాటి మధ్య ఖాళీలను సాఫ్ట్‌వేర్ సరిగా పట్టుకోలేదు. అసలు చదువు అక్కడే మొదలవుతుంది. ఆ జాలీని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మీరే కట్టుకోవాలి. అందుకోసం మళ్లీ ఆ కళాకారుల పక్కన కూర్చోవాలి. ముందు ఏ రంధ్రం తీస్తారు, చెక్క పొర ఎటు సాగుతుంది, ఎక్కడ ఎంత మందం వదలకపోతే విరుగుతుంది అన్నవి చూసి రాసుకోవాలి. వస్తువును ఇలా విప్పి అర్థం చేసుకోవడమే త్రీడీ మోడలింగ్. స్టూడియోలో మీ పని చూసేవాళ్లు వెతికేదీ దాన్నే.

బ్లెండర్ పూర్తిగా ఉచితం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన 'ఫ్లో'ను బ్లెండర్‌లోనే చేశారు. దర్శకుడిది ఇరవై లక్షల జనాభా కూడా లేని లాత్వియా. కనీసం 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ మాత్రం కావాలి. ఇంట్లో లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో సాయంత్రం ఒక గంట అడగండి. ఉద్యోగం గ్యారంటీ అంటూ లక్షల్లో ఫీజు అడిగే కోర్సులో చేరే ముందు ఈ ఉచిత దారిలో కొన్ని నెలలు నడిచి చూడండి.

ఏఐ మాటేమిటి? దాపరికం లేకుండా చెప్పాలి. ఒక్కో ఫ్రేములో బొమ్మ అంచును కత్తిరించే రోటో లాంటి పనులను యంత్రం వేగంగా లాక్కుంటోంది. కొత్తవాళ్లు ఇదివరకు అడుగుపెట్టింది ఆ గుమ్మంలోంచే. అందుకే ఒక్క సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్చుకుని ఆగిపోతే ప్రమాదం. మరోవైపు, ఇదే యంత్రాన్ని తెలుగులో పోస్టర్ అడిగితే ఒత్తులు, గుణింతాలు తరచూ చెదిరిపోతాయి. తెలుగు అక్షరం అందం తెలిసి, దాన్ని ఫాంటుగా, లోగోగా, టైటిల్‌గా మలచగలవాళ్ల అవసరం ఇంకా చాలా ఉంది. సిలికానాంధ్ర ఆధ్వర్యంలో వచ్చిన మండలి, సూరన్న, పెద్దన వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకదాన్ని పెద్దగా తెరిచి 'క్ష', 'స్త్రీ' ఎలా కట్టారో చూడండి.

చదువుల సంగతి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) తరహాలో మనకూ ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ ఉంది. అందులో బీడిజైన్‌కు ఇంటర్ ఏ గ్రూపైనా సరే, డీఏటీ అనే పరీక్ష రాయాలి. ఐఐటీ హైదరాబాద్ డిజైన్ కోర్సుకు యూసీడ్ రాయాలి. ఆ పరీక్షలో చేత్తో గీసే ప్రశ్న కూడా ఉంటుంది. ఫైన్ ఆర్ట్స్ ఇష్టమైతే కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. తేదీలు ఏటా మారుతాయి కాబట్టి సెకండియర్ దసరా సెలవుల నుంచే వెబ్‌సైట్లు గమనించండి.

పోర్ట్‌ఫోలియోలో ఇరవై బొమ్మలు కుక్కకండి. ఆ గరిటెనే మొదట పెట్టండి: పెన్సిల్ గీతలు, చెడిపోయిన స్కాన్, మీరు కట్టిన జాలీ, చివరి రూపం వరసగా. చెక్కినవారు ఒప్పుకుంటే వారి పేరూ ఊరూ దాని కిందే రాయండి. ఆ నమూనాతో లేజర్ యంత్రం మీద గరిటెలు కోసి 'ఉదయగిరి' పేరుతో అమ్మొద్దు. జీఐ గుర్తింపు ఉన్న పేరది, అలా వాడితే చట్టం ఒప్పుకోదు, వాళ్ల కూలీ కూడా పోతుంది. డబ్బు వచ్చే పని ఏదైనా తగిలితే, మొదటి ఫొటో తీయకముందే వాళ్లతో కూర్చుని ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి.