ప్రయాణంలో ఉమ్మడి సొమ్ము ఒక అమానతు

నలుగురు కలిసి ప్రయాణం చేయడం సంతోషకరమైన విషయం. కాని తిరిగి ఇల్లు చేరాక ఆ నలుగురిలో ఇద్దరికి మాటలు లేకపోవడం కూడా మనం తరచూ చూస్తున్నదే. కారణం వెదికితే పెద్ద మోసమేమీ ఉండదు. రెండు వందలో, మూడు వందలో లెక్క తేలకపోవడమే. అడిగితే పిసినారి అంటారేమోనని ఒకరు ఊరుకుంటారు. అడగలేదు కదా అని మరొకరు మరచిపోతారు. మనసులో మాత్రం ముల్లు మిగిలిపోతుంది. ఈ విషయంలో షరీఅత్ మనకు ఏ దారి చూపిందో తెలుసుకుందాం.

కలిపి ఖర్చు పెట్టుకోవడం సమ్మతమేనా?

ఒకరు ఎక్కువ తింటారు, ఒకరు తక్కువ తింటారు; మరి అందరూ సమానంగా డబ్బు వేసుకోవచ్చా అని కొందరికి సందేహం కలుగుతుంది. దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరా 19వ ఆయతులో గుహవాసుల వృత్తాంతం ఉంది. నిద్ర లేచిన ఆ యువకులు తమ వద్దనున్న వెండి నాణెం ఇచ్చి తమలో ఒకరిని పట్టణానికి పంపారు. పరిశుద్ధమైన ఆహారం చూసి తెమ్మన్నారు. అందరి తరఫున ఒకరు కొనుగోలు చేయవచ్చనీ (వకాలత్), ఉమ్మడి సొమ్ముతో తెచ్చినది కలిసి తినవచ్చనీ ధర్మపండితులు దీన్నుంచి గ్రహించారు.

హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మూడు వందల మంది సముద్రతీరం వైపు వెళ్ళినప్పుడు దారిలో ఆహారం తరిగిపోయింది. ఆయన అందరి దగ్గరున్నది ఒకచోట చేర్పించి రోజూ కొద్దికొద్దిగా పంచారు. చివరికి మనిషికి ఒక్కొక్క ఖర్జూరమే వచ్చింది. అష్అరీ తెగవారు కూడా ఆహారం తగ్గినప్పుడు ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే పాత్రతో సమానంగా పంచుకునేవారు. దైవప్రవక్త (స) వారిని మెచ్చుకొని తనవారిగా చెప్పుకున్నారు. అదే సమయంలో, కలిసి తినేటప్పుడు తోటివారి అనుమతి లేకుండా రెండేసి ఖర్జూరాలు తీసుకోవద్దని కూడా వారించారు. అంటే గింజ గింజకూ లెక్క కట్టనవసరం లేదు. అందరి సమ్మతి ఉండాలి, ఎవరూ అత్యాశకు పోకూడదు.

బయలుదేరక ముందు

ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోమని హదీసు బోధిస్తోంది. ఖర్చు సంచి కూడా ఆయన చేతిలోనో, ఆయన నియమించిన మరొకరి చేతిలోనో ఉండాలి.

తర్వాత బడ్జెట్. దీన్ని బృందంలో అందరికంటే తక్కువ స్థోమత గలవారిని దృష్టిలో పెట్టుకొని వేయాలి. పదిమందిలో "నా వల్ల కాదు" అని చెప్పడం ఎవరికైనా కష్టమే. సిగ్గుపడి అప్పు చేసి వచ్చేవారు ఉంటారు. కనుక అమీరు ఒక్కొక్కరినీ విడిగా అడిగి తెలుసుకోవాలి. వెళ్ళే చోటు గురించి కూడా విచారించాలి. ఉదాహరణకు హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. తెలియక ఆ రోజే వెళితే అందరి డబ్బూ, సమయమూ వృథా అవుతాయి.

పంచుకునే పద్ధతి

కర్నూలు నుంచి మూడు కుటుంబాలు ఒకే బండిలో హైదరాబాద్ వెళ్ళాయనుకుందాం. ఒక కుటుంబంలో ఇద్దరు, మరో దానిలో నలుగురు, ఇంకో దానిలో ఆరుగురు. బండి అద్దె, డీజిలు, టోలు, డ్రైవర్ బత్తా కలిపి 7,200 రూపాయలు అయ్యాయి. కుటుంబానికి 2,400 చొప్పున వేస్తే ఇద్దరున్న ఇంటిపై రెట్టింపు భారం పడుతుంది. సీటుకు 600 చొప్పున లెక్కిస్తే వారి వాటా 1,200, మిగిలినవారివి 2,400, 3,600 అవుతాయి. ఇదే న్యాయం. ఒడిలో కూర్చునే పసిపిల్లలను లెక్కించాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవాలి.

భోజనం, టిక్కెట్లు వాడుకున్నవారి మధ్యే పంచాలి. లాడ్ బజారులో కొన్న గాజులు ఎవరివి వారి సొంత ఖర్చే. ఆఖరి నిమిషంలో ఒకరు మానుకుంటే వారి సీటు అద్దె ఎవరు భరించాలో కూడా ముందే అనుకోవాలి. చేసుకున్న ఒప్పందానికి కట్టుబడి ఉండటం విశ్వాసి లక్షణం.

ఒకరి బదులు మరొకరు చెల్లిస్తే అది అప్పు. అప్పును రాసిపెట్టుకోమని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. ఫోన్ ద్వారా పంపినా సరే, ఎవరి కోసం పంపారో రాసుకోవాలి. వేయి రూపాయలు ఇచ్చినవారికి వేయి రూపాయలే తిరిగి రావాలి. షరతు పెట్టి ఒక్క రూపాయి అదనంగా తీసుకున్నా అది వడ్డీయే.

సంచి పట్టినవారి బాధ్యత

ఉమ్మడి సంచి అమానతు. బండి యజమాని 500 తగ్గిస్తే ఆ తగ్గింపు అందరికీ చెందుతుంది. బేరం చేసినవారు దాన్ని తన జేబులో వేసుకోకూడదు. చివర ఎనిమిది మంది సొమ్ములో 640 రూపాయలు మిగిలితే తలా 80 తిరిగి ఇవ్వాలి. అడగకుండా మస్జిదు హుండీలో వేయడం కూడా సరికాదు. ఇతరుల సొమ్ముతో సదఖా చేసే హక్కు మనకు లేదు. అందరూ సంతోషంగా అంగీకరిస్తే అది వేరే విషయం. ఇంటికి చేరిన రోజునే, ఆలస్యమైతే మరునాడు, లెక్క చదివి వినిపించాలి.

స్థోమత గలవారు ఇంకో మెట్టు పైకి వెళ్ళవచ్చు. మర్వ్ పట్టణానికి చెందిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మలై) హజ్ ప్రయాణంలో సహచరుల డబ్బు తీసుకొని పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. దారి పొడవునా తన సొమ్మే ఖర్చు చేసేవారు. తిరిగి వచ్చాక పెట్టె తెరిచి, పేరు రాసి ఉంచిన ఎవరి సంచి వారికి అప్పగించేవారు. పేద సహచరుని గౌరవానికి ఎక్కడా భంగం కలగకుండా సాయం చేసే పద్ధతి ఇది.

లెక్క అడగడం లోభత్వం కాదు, లెక్క చెప్పడం అవమానమూ కాదు. ఇక్కడ పది రూపాయలకు లెక్క చెప్పలేనివారు ప్రళయదినాన అల్లాహ్ ముందు ఏమని సమాధానం చెబుతారు? తోటివారి హక్కులు నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.