పిల్ల ఆగిన చోట మీరూ ఆగండి

సెలవులకి పిల్లల్ని తీసుకుని పై దేశాలు వెళ్లే తల్లిదండ్రులకి ఒక అమ్మమ్మగా చెప్తున్నాను. అక్వేరియంకి తప్పకుండా వెళ్లండి. కానీ ఒక్క పూటలో అంతా చూసెయ్యాలని మాత్రం పెట్టుకోకండి.

మా అమ్మాయి వాళ్లు శాన్‌హోజేలో ఉంటారు. అక్కడి నుంచి కారులో వెళ్తే మాంటెరే అక్వేరియం. మూతపడ్డ చేపల డబ్బాల ఫ్యాక్టరీ ఉన్న చోట, సముద్రం ఒడ్డునే 1984లో తెరిచారు. మొదటిసారి వెళ్లినప్పుడు టికెట్ డబ్బు గిట్టుబాటు కావాలని మా అల్లుడుగారు మ్యాపు పట్టుకుని ముందు నడిచారు, వెనకాల మా ఉరుకులు. ఐదేళ్ల మనవడు కెల్ప్ అడవి దగ్గర ఆగిపోయాడు. కెల్ప్ అంటే చెట్లంత పొడవు పెరిగే సముద్రపు నాచు. 28 అడుగుల ఎత్తు తొట్టిలో, యంత్రం పుట్టించే అలలకి అది అటూ ఇటూ ఊగుతోంది. వాడు అద్దానికి నుదురు ఆనించి దాంతోపాటే ఊగుతున్నాడు. "పద నాన్నా, ఇంకా షార్కులు చూడాలి" అని చెయ్యి పట్టి లాగింది నేనే. మధ్యాహ్నానికి నేల మీద పడి ఒకటే ఏడుపు. రాత్రి పక్కలో మెల్లిగా అడిగాడు, "అమ్మమ్మా, రాత్రిపూట ఆ చెట్లు ఏం చేస్తాయి?" నేను నిలబడి చూస్తే కదా చెప్పడానికి!

మరుసటి ఏడు ఇద్దరమే ఆ అద్దం ముందు చతికిలబడ్డాం. ముఖానికి మైకున్న మాస్కుతో ఒకామె నీళ్లలోకి దిగి, చేపలకి మేత వేస్తూ మాట్లాడింది. తొట్టి పైభాగం ఆకాశానికి తెరిచే ఉందట. ఎండ తగిలి నాచు గబగబా పెరుగుతుంటే డైవర్లు దిగి కత్తిరిస్తారట. పగలు జనానికి స్పష్టంగా కనిపించాలని సముద్రపు నీటిని వడకట్టి వదులుతారు. రాత్రయితే వడకట్టకుండా అలాగే పంపిస్తారు, అందులోని సూక్ష్మజీవులు లోపలి ప్రాణులకి ఆహారం. వాడి ప్రశ్నకి ఏడాది తర్వాత జవాబు దొరికింది. వాడి ముఖం చూడాల్సింది!

అద్దం ముందు కూర్చున్నప్పుడు మన భాషలో మాట్లాడండి. బోర్డు మీద సార్డీన్ అని ఉంటే, మన కవళ్ల చుట్టాలేరా అని చెప్పండి. అక్వేరియం ఉన్న వీధిలో ఒకప్పుడు ఫ్యాక్టరీలు నడిచింది ఆ చేపతోనే. మితి లేకుండా పట్టడం, సముద్రంలో మార్పులు, రెండూ కలిసి 1950ల నాటికి చేప కరువైంది. ఏడేళ్ల పిల్లకి కూడా ఈ కథ అర్థమవుతుంది. సముద్రపు నీటికుక్కని చూపిస్తూ కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లోనూ దీని బంధువులున్నాయని చెప్పండి. దీనికి ఒంట్లో కొవ్వు పొర ఉండదు, చలి ఆపేది ఒత్తయిన బొచ్చే. అందుకే ఎప్పుడు చూసినా ఒళ్లు దువ్వుకుంటూ ఉంటుంది. తల్లి దూరమైన పిల్లల్ని అక్వేరియంలోని ఆడ నీటికుక్కలు పెంచి, తిరిగి సముద్రంలో బతకడానికి సిద్ధం చేస్తాయి. మా వాడు ఈ మాట విని చాలాసేపు మాట్లాడలేదు.

చేత్తో తాకనిచ్చే కొలను దగ్గర బలవంతం వద్దు. భయపడే పిల్లని "ఏం కాదు, ముట్టుకో" అని తొయ్యకండి. ముందు మీరు రెండు వేళ్లతో టేకు చేప వీపుని మెత్తగా నిమరండి, పిల్ల చూస్తుంది. అద్దాన్ని కొట్టనివ్వకండి, ఫ్లాష్ వెయ్యకండి. ఫోటోలు రెండు చాలు, మీ కళ్లు కూడా పిల్ల చూసేవైపే ఉండాలి.

వెళ్లే ముందు ఆ రోజు మేత వేసే వేళలు చూసుకోండి. మాంటెరేలో జూలైలో కూడా చలిగాలి, స్వెట్టర్లు మర్చిపోకండి. ఎక్కడ ఆగాలన్నది మాత్రం పిల్లకే వదిలెయ్యండి.