మల్లి గురించి పిల్లలకు చెప్పేటప్పుడు

తెనాలి,
ఆదివారం

చి. శ్రావణికి,

మీ బడిలోని కుందేలు మల్లి చనిపోయిందని నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తూ అడిగినవాటికి తాపీగా జవాబు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమని మీ అన్నయ్యకిస్తాను. ఇవాళే చదువుకో.

అలాంటిదే మరో తెల్ల కుందేలును తెచ్చి, పిల్లలు వచ్చేసరికి బోనులో పెట్టేద్దామని మీ యాజమాన్యం అంటోందన్నావు. ఒప్పుకోకు తల్లీ. మల్లి ఎడమ చెవి అంచున బూడిదరంగు మచ్చ ఉందని నువ్వే చెప్పావు. రోజూ ఆ చెవిని నిమిరే పిల్లలకు మచ్చ లేని చెవి తెలియకుండా పోతుందా? ఒకవేళ పోల్చుకోలేకపోయినా అది మోసమే. ఏడేళ్ల పిల్లలు టీచరు చెప్పిందే నిజమనుకుంటారు. ఆ నమ్మకాన్ని ఇలాంటి పనికి వాడుకోకూడదు.

అమెరికాలో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమానికి సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. అందులో కొట్టు నడిపే హూపర్ పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయాడు. ఆ పాత్రకు ఇంకో నటుణ్ణి పెట్టొచ్చు, హూపర్ ఊరు మారాడని చెప్పేయొచ్చు. వాళ్లు అలా చేయలేదు. పిల్లల మనసు తెలిసిన నిపుణులను అడిగి, హూపర్ చనిపోయాడనే చెప్పారు. ఆ భాగం 1983 నవంబరు 24న ప్రసారమైంది. బిగ్ బర్డ్ అనే పసుపుపచ్చ పక్షి అందరి బొమ్మలూ గీసి ఎవరిది వాళ్లకు పంచుతుంది. హూపర్ బొమ్మ ఒక్కటీ మిగిలిపోతుంది. ఆయన చనిపోయాడు కదా అని పెద్దవాళ్లు గుర్తుచేస్తే, తిరిగొచ్చాక ఇస్తాలే అంటుంది. చనిపోయినవాళ్లు తిరిగి రారని వాళ్లు అప్పుడు నిదానంగా విడమరిచి చెబుతారు. రేపు నీ తరగతిలోనూ ‘మళ్లీ ఎప్పుడొస్తుంది టీచర్?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. తెలివితక్కువై కాదు, ఆ వయసే అంత. హంగరీకి చెందిన మరియా నాగీ బుడాపెస్ట్ పిల్లలతో మాట్లాడి 1948లో ప్రచురించిన పరిశోధనలో, అయిదేళ్లలోపు పిల్లలు చావును నిద్రలాగో ప్రయాణంలాగో అనుకుంటారని రాసింది. నీ పిల్లలు ఆ వయసు దాటి ఎంతో కాలం కాలేదు.

అందుకే ‘నిద్రపోయింది’, ‘ఊరెళ్లింది’ అనొద్దు. మల్లి నిద్రలో పోయిందని విన్న పిల్ల ఆ రాత్రి పక్కమీదకు వెళ్లడానికి భయపడుతుంది. ‘మల్లి శనివారం సాయంత్రం చనిపోయింది’ అని తేటగా చెప్పు. గుండె కొట్టుకోవడం ఆగింది, ఊపిరి ఆగింది, ఇక దానికి నొప్పి లేదు, ఆకలి లేదు, చలి లేదు అని చెప్పు. ప్రార్థన అయ్యాక, మొదటి పీరియడ్‌లోనే, ఖాళీ బోను వాళ్ల కళ్లపడకముందే అందరికీ ఒకేసారి చెప్పాలి. సాయంత్రం బెల్లు కొట్టే ముందు చెప్పి ఇళ్లకు పంపొద్దు. చెప్పేటప్పుడు నీకు కన్నీళ్లొస్తే రానీ, దాచుకోకు. తల్లిదండ్రులకు మధ్యాహ్నం మెసేజ్ పెట్టు. ముందే పెడితే సగం మంది పిల్లలు ఆటోలో, బస్సులో ముక్కలు ముక్కలుగా వింటారు.

తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సింది, పైకి అడగలేని ప్రశ్నను. ఒకడు శుక్రవారం బిస్కెట్టు ముక్క పెట్టి ఉంటాడు. ఒకతె చెవి పట్టి లాగి ఉంటుంది. తమవల్లే చచ్చిపోయిందని లోలోపల కుమిలిపోతారు, నోరు విప్పరు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా కారణం నువ్వే చెప్పు. మల్లి పేగుల కదలిక ఆగిపోయిందని డాక్టరు చెప్పారన్నావు కదా, అదే చెప్పు. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, అందుకే అది రోజంతా గడ్డి నములుతుంది. తినడం మానేస్తే కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. దానికి మనలాగా వాంతి కూడా కాదు. అడవిలో వేటాడే జంతువులకు చిక్కకుండా జబ్బును బయటికి కనబడనివ్వదు కాబట్టి మనకు ఆలస్యంగా తెలిసింది. మందు ఇప్పించాం, సరిపోలేదు. ‘మీరు ఎత్తుకున్నందువల్ల గానీ, ముద్దుచేసినందువల్ల గానీ, కోప్పడినందువల్ల గానీ చనిపోలేదు’ అని వాళ్ల ముఖాల్లోకి చూసి చెప్పు.

స్వర్గానికి వెళ్లిందని ఒక పిల్ల, మళ్లీ పుడుతుందని ఇంకో పిల్లాడు అంటారు. ఎవర్నీ కాదనకు, ఎవరి పక్షమూ వహించకు. ‘ఒక్కో ఇంట్లో ఒక్కో మాట చెబుతారు, మీ అమ్మానాన్నల్ని అడగండి’ అంటే చాలు.

మల్లిని సోమవారం దాకా ఉంచొద్దు. ఇవాళే, కుక్కలు తవ్వలేనంత లోతుగా, రెండు మూడు అడుగుల గోతిలో, బావికీ బోరుకీ దూరంగా పూడ్చమని వాచ్‌మన్‌తో చెప్పు. పిల్లలు రేపు ఆ చోటికి వెళ్లి తలా గుప్పెడు మట్టి వేసి ఓ మొక్క నాటాలి. రానన్న పిల్లను బలవంతపెట్టకు, తరగతిలో కూర్చుని బొమ్మ గీయనీ. మల్లి గురించి ఒక్కొక్కరినీ ఒక్కో సంగతి చెప్పమను, లేదా రాయమను. మంచివే చెప్పాలని షరతు పెట్టకు. నా పుస్తకం అట్ట కొరికేసింది అని ఒకడంటే అందరూ నవ్వుతారు. నవ్వనీ. పది నిమిషాలకే ఆటల్లో పడి గెంతితే వాళ్లకు ప్రేమ లేదనుకోకు, చిన్నపిల్లల దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది. వారం తర్వాత లెక్కల పీరియడ్‌లో మళ్లీ ఏడవొచ్చు.

ఒకరిద్దరు మాత్రం అందరికన్నా ఎక్కువగా ఏడుస్తారు. లేదా అసలు ఏడవకుండా బిగుసుకుపోతారు. వాళ్ల ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారేమో కనుక్కో. తాతయ్య పోయినప్పుడు ఆ పిల్లను పక్కింట్లో వదిలేసి ఉంటారు, ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. ఆ ఏడుపు ఇన్నాళ్లకు మల్లి మీదుగా బయటపడుతుంది. అలాంటి పిల్లను పక్కన కూర్చోబెట్టుకో, వాళ్లమ్మతో మాట్లాడు. ఆ రోజు పాఠం వెనకబడినా నష్టం లేదు.

బోను కడిగి ఎండబెట్టి లోపల పెట్టించు. కొత్త ప్రాణికి తొందరపడొద్దు. పిల్లలే అడిగేదాకా ఆగు. అప్పుడు కూడా మల్లి పేరు మళ్లీ పెట్టకండి, దాని పేరు దానికుండాలి. ఎవరైనా రామచిలుకనో నక్షత్ర తాబేలునో ఇస్తామంటే తీసుకోకు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పెంచడం నేరం. కుందేలే అయితే అది ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతికే ప్రాణి. ఎండకు త్వరగా సొమ్మసిల్లుతుంది. ఏప్రిల్ నెలాఖరున మీరంతా బడికి తాళం వేసి వెళ్లిపోయాక, ఆ ఎండల్లో దాన్ని ఎవరింట్లో ఉంచుతారో, గడ్డీ నీళ్లూ ఎవరు చూస్తారో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే తీసుకురండి.

ఇట్లు,
పెద్దమ్మ