కరెంటు లేని షెడ్డులో టైరు గాలి: ముందు లెక్క, తర్వాతే మిషను



పొలం దగ్గర షెడ్డు ఉంది, ట్రాక్టరు ఉంది, కరెంటు లైను మాత్రం లేదు. అలాంటప్పుడు టైర్లకు గాలి పెట్టడానికి ఏం కొనాలి? ఇది మెకానిక్ విషయం అనుకోకండి, మన నేల విషయం కూడా.

నేలకూ టైరు గాలికీ ఏంటి సంబంధం?

టైరులో ఎన్ని పీఎస్‌ఐ గాలి ఉందో, పైమట్టి మీద దాదాపు అంత ఒత్తిడి పడుతుంది. రోడ్డు మీద ట్రాలీ లాగడానికి గట్టిగా పెట్టిన గాలితోనే చేలో దిగితే, జీవామృతంతో, ఆచ్ఛాదనతో, వానపాములతో గుల్లబారిన మట్టిని మనమే తొక్కేసినట్టు. మట్టి కణాల మధ్య ఖాళీలు మూసుకుపోతే ఇక వాఫస ఎక్కడిది? తడి నేలలో నష్టం ఇంకా ఎక్కువ.

వెనక టైర్లకు చేలో సాధారణంగా 12 నుంచి 16 పీఎస్‌ఐ సరిపోతుంది, బరువుతో రోడ్డెక్కితే ఇంకా పెంచాలి. మీ ట్రాక్టరు పుస్తకంలో ఉన్న అంకెలే ఖాయం. గాలి తీయడం తేలికే. మళ్లీ పెట్టాలంటే ఊళ్లో పంక్చర్ షాపుకు పోవాలి కాబట్టి ఎవరం తీయం. అందుకే షెడ్డులోనే ఏర్పాటు ఉండాలి.

ఎంత గాలి కావాలి?

13.6-28 సైజు వెనక టైరులో సుమారు 200 లీటర్ల చోటు ఉంటుంది. 12 నుంచి 20 పీఎస్‌ఐకి పెంచాలంటే బయటి గాలి దాదాపు 110 లీటర్లు లోపలికి పోవాలి. బైకు టైరుకు ఒత్తిడి ఎక్కువ, గాలి తక్కువ. ట్రాక్టరు టైరుకు ఒత్తిడి తక్కువ, గాలి ఎక్కువ. కాబట్టి డబ్బా మీద 150 పీఎస్‌ఐ అని చూసి మోసపోకండి, నిమిషానికి ఎన్ని లీటర్లో చూడండి. 20 లీటర్లు అందితే టైరుకు ఆరు నిమిషాలు, రెండింటికి 12 నిమిషాలు.

ఎంత కరెంటు కావాలి?

12 వోల్టుల కంప్రెసరు 12 ఆంపియర్లు తీసుకుంటే 144 వాట్లు. 12 నిమిషాలకు సుమారు 29 వాట్-అవర్లు. ఇప్పుడు ఒక్కోటి చూద్దాం.

- స్ప్రేయర్ బ్యాటరీ (12 వోల్టులు, 8 ఏహెచ్): 96 వాట్-అవర్లు, లెక్కకు చాలు. కానీ చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి ఒకేసారి 12 ఆంపియర్లు లాగితే వోల్టేజి పడిపోతుంది, ఆయుష్షు తగ్గుతుంది. వద్దు.
- ట్రాక్టరు బ్యాటరీ: అన్నింటికన్నా మేలు. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టే కంప్రెసరు తీసుకోండి, ఫ్యూజు ఉండాలి.
- 1 హెచ్‌పీ కంప్రెసరు: నడిచేటప్పుడే 746 వాట్ల పైన, స్టార్టింగులో దానికి కొన్ని రెట్లు. చిన్న ఇన్వర్టరు మోయలేదు, జనరేటరు కావాలి. రెండు టైర్ల కోసం అంత ఖర్చు దండగ.
- 50 వాట్ల సోలార్ ప్యానెల్, 40 ఏహెచ్ బ్యాటరీ: మంచి ఎండలో నాలుగు గంటలకు 200 వాట్-అవర్ల దాకా. లైటు, ఫోను, అవసరమైతే కంప్రెసరు కూడా నడుస్తాయి.
- కాలి పంపు: బైకుకు, తోపుడు బండికి ఇదే చాలు.

జాగ్రత్తలు

1. ఇంజను ఆన్‌లో ఉంచి గాలి పెడితే ట్రాక్టరును షెడ్డు బయట నిలపండి. పొగ ప్రాణాంతకం.
2. టైరులో నీళ్లు నింపి ఉంటే వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పండి. లేకపోతే నీళ్లు మీటరులోకి వస్తాయి. ఇలాంటి టైరులో గాలి చోటు తక్కువ, ఒత్తిడి గబుక్కున పెరుగుతుంది. ఆగి ఆగి చూస్కోండి.
3. చిన్న కంప్రెసరును పది నిమిషాలకోసారి చల్లారనివ్వండి.
4. ట్రాలీ టైరుకు గాలి పెట్టేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి.

డబ్బు తక్కువుంటే ముందు 0-30 పీఎస్‌ఐ చూపే మీటరు కొనండి. 150 దాకా ఉన్న మీటరులో 12కీ 16కీ తేడా సరిగ్గా తెలీదు. తర్వాత కంప్రెసరు, ఆ తర్వాతే సోలార్. క్లిప్పులు పెట్టడం, వాల్వు తిప్పడం పైన వీడియోలో చూపించాను. ఈసారి చేలో దిగే ముందు ఒక్కసారి మీటరు పెట్టి చూడండి.