గృహమునందు పొట్టి ఆర్కిడును పెంచు విధము

ఆర్కిడు అను పేరు వినినంతనే, అది ధనికుల అద్దపుటిండ్లలో మాత్రమే బ్రదుకు సుకుమారపు మొక్క యని పెక్కురు తలంతురు. అది సరికాదు. జానెడు చోటును, ఉదయపు నీరెండయు నున్నచో, ఫెలెనాప్సిస్ అను ఆర్కిడు యొక్క పొట్టి సంకరజాతి సామాన్యగృహమునందును చక్కగా పూయును. ఇట్టి మొక్క చచ్చుట తరచుగా అలక్ష్యముచేత గాదు, అతిగారాబముచేతనే. కావున ముందు దాని స్వభావమును తెలిసికొని, పిదప సేవకు పూనుకొనవలెను.

పుట్టుక: 1825వ సంవత్సరమున బ్లూమ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి పేరిడెను. రాత్రివేళ నెగురు సీతాకోకచిలుకను బోలినదని గ్రీకుభాషలో దాని యర్థము. ఫిలిప్పీను దీవులలో పుట్టిన రెండు జాతులను గలిపి, ఇంగ్లండులోని వీచ్ వారి తోటలో జాన్ సీడెన్ పెంచిన సంకరము 1886వ సంవత్సరమున పూచెను. మనుష్యుడు కల్పించిన ఫెలెనాప్సిస్ సంకరములలో నిదియే మొదటిది. ఆ రెండింటిలో ఈక్వెస్ట్రిస్ అనునది చిన్న జాతి. దాని పూవు ఇంచుమించు అంగుళము వెడల్పుండును. నేటి పొట్టి సంకరములలో పెక్కింటికి చిన్నతనమును, ఒకే కాడపై పెక్కుపూలు పూయు గుణమును దీనినుండియే సంక్రమించినవి.

ఆర్కిడు విత్తనము ధూళివలె సూక్ష్మమైనది; మొలకకు వలయు ఆహారము దానిలో నిలువయుండదు. అడవిలో ఒకవిధమగు శిలీంధ్రము ఆ లోపమును తీర్చును. 1922వ సంవత్సరమున అమెరికాలో నుడ్సన్ పండితుడు, చక్కెరయు లవణములును గలిపిన గాజుపాత్రలలో శిలీంధ్రము తోడులేకయే విత్తులు మొలచునని చూపెను. పిమ్మట ఆర్కిడులను విరివిగా పెంచుట సుకరమయ్యెను.

స్వభావము: మన మామిడికొమ్మలపై పెరుగు బదనిక ఆ చెట్టు రసమును పీల్చును. ఈ ఆర్కిడు అట్టిది కాదు. కొమ్మను నిలుకడకు మాత్రమే పట్టుకొని, వాననీటిని, గాలియందలి తేమను గ్రహించి జీవించును. దాని వేళ్లను స్పంజివంటి తెల్లని పొర యొకటి కప్పియుండును. అది నీటిని చప్పున పీల్చి, పిదప గాలికి ఆరును. మన్నులో పాతిన యెడల వేళ్లకు గాలియాడక అవి క్రుళ్లును. మఱియొక వింత: ఎడారిమొక్కలవలె నిది ముఖ్యముగా రాత్రియందే పత్రరంధ్రములను తెరచి బొగ్గుపులుసు గాలిని లోనికి గొనును; అందుచే పగటియెండలో దాని తేమ వృథా కాదు.

పోషణ: అడుగునను ప్రక్కలను రంధ్రములున్న చిన్న కుండీలో బెరడుముక్కలను, కట్టెబొగ్గును, ఇటుకముక్కలను నింపి మొక్కను నిలుపవలెను. నీరు పోయుటకు దినములను లెక్కింపక వేళ్లను చూడుడు. వెండివలె తెల్లగా నున్నచో దాహము. పచ్చగా నున్నచో తృప్తి. గోధుమవర్ణమై మెత్తబడినచో క్రుళ్లు. నీటిని ఉదయమున పోసి, పూర్తిగా కారిపోనీయవలెను. ఆకుల నడిమి మొవ్వులో నీరు నిలిచినచో దూదితో నద్దివేయుడు. లేనిచో మొవ్వు క్రుళ్లును. ఎరువును మిక్కిలి పలుచగా కలిపి పదునైదు దినముల కొకమారు పోసిన చాలును. రెండేండ్ల కొకసారి, పూలు రాలిన పిమ్మట, బెరడును మార్చవలెను.

తూర్పు వసారా దీనికి తగిన చోటు. ఆకులు నల్లపచ్చనైనచో వెలుతురు చాలదనియు, ఎఱ్ఱవారినచో ఎండ మించినదనియు గ్రహింపుడు. ఎడతెగక 28 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిమిలో నున్న మొక్క ఆకులనే పెంచును గాని పూకాడ వేయదు. కొన్నివారములు చల్లదనము తగిలిననే కాడ పుట్టును. అందుచే మన ప్రాంతమున మార్గశిర పుష్యమాసముల చలిరాత్రులు దీనికి మేలుచేయును; ఆ దినములలో మొక్కను గదిలో మూసియుంచరాదు.

పూలు రెండుమాసములైనను నిలిచి, పిదప రాలును. అప్పుడు మొక్క చచ్చినదని తలంచి పారవేయువారు కలరు. అది తప్పు. ఆకులును వేళ్లును గట్టిగా నున్నంతకాలము మొక్క సజీవమే. కాడ పచ్చగానున్నచో క్రింది కణుపులకు పైన కోసియుంచుడు. ఒక్కొక్కప్పుడు ఆ కణుపునుండియే క్రొత్తకొమ్మ వెడలి మరల పూయును. అట్లు కాకున్నను మరుసటి చలికాలమువరకు దానిని కాపాడుడు. విద్యార్థులు వేళ్ల రంగును, క్రొత్తయాకు పుట్టిన దినమును ఒక పుస్తకమున వ్రాసికొనుచున్నచో, ఆ యేడాది నిరీక్షణము వారికి చక్కని వృక్షశాస్త్రపాఠ మగును.