మలుపుకు ముందే బ్రేకు

కార్వేటినగరంలో ఇసుక పేరుకొన్న మలుపుల దగ్గర సైకిలు జారి మోకాళ్లు పగులగొట్టుకొన్న పిల్లలను ఎందరినో చూచాను. "బ్రేకు పట్టినాను సార్!" అంటారు. పట్టారు సరే, ఎప్పుడు?

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. అటువంటి కార్లు నడపడం నేర్చుకొనేవారికి తొలి పాఠాల్లో ఒకటి ఇది: దారి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసి, వేగం తగ్గాక స్టీరింగు తిప్పాలి. (ఆరితేరినవారు మలుపులోకి కూడా కొంచెం బ్రేకు తీసుకుపోతారు. అది తర్వాతి సంగతి.)

కారణం ఘర్షణ. టైరుకు నేలమీద ఉండే పట్టు కొంతవరకే. బ్రేకుకూ, మలుపుకూ కావలసిన బలం రెండూ అందులోనుంచే రావాలి. బ్రేకే అంతా వాడుకొంటే మలుపుకు అభికేంద్ర బలం ఎక్కడిది? చక్రం తిప్పినా బండి తిన్నగానే పోతుంది.

వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లు కావాలి. 20 మీటర్ల వ్యాసార్థం గల చదునైన మలుపును తీసుకోండి. ఘర్షణ గుణకం, 9.8, వ్యాసార్థం – ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలమే గరిష్ఠ వేగం, సెకనుకు మీటర్లలో. పొడి రోడ్డుకు గుణకం 0.7 అనుకొంటే గంటకు సుమారు 42 కిలోమీటర్లు. బండి బరువు లెక్కలోకే రాలేదు, చూచారా?

వానలో గుణకం 0.4కు పడిపోతే ఎంత? మీరే కట్టి చూడండి. 32 రావాలి.