సముద్రము దాటదలచిన మనుమరాలికి

అనంతపురము.



నీ జాబు అందినది. ఐరోపాలోని యొక క్లబ్బువారు నీ ఫుట్‌బాలు ఆటను పరీక్షింతురని ఎవరో ఏజెంటు చెప్పెననియు, వీసాకును ప్రయాణమునకును ముందుగా లక్షలు కట్టుమనెననియు, మీ నాయన చేను కుదువపెట్టుటకు సిద్ధపడుచున్నాడనియు వ్రాసితివి. తల్లీ, ఆ సొమ్ము కట్టవలదు. తక్కినదంతయు తీరికగా చదువుకొనుము.

పశ్చిమాఫ్రికాలోని పల్లెలకు ఈ కథ క్రొత్త కాదు. కొడుకు గొప్ప ఆటగాడగునను ఆశతో పొలమును నగలను తెగనమ్మి దళారుల చేతులలో పోసిన కుటుంబములును, పారిస్ వంటి నగరములలో దిగిన మఱునాడే దళారి మాయము కాగా, భాష రాక, తలదాచుకొను చోటు లేక, వట్టిచేతులతో ఇల్లు చేరుటకు సిగ్గుపడి వీధులపాలైన బాలురును అక్కడ అనేకులు. కామెరూన్ దేశపు పూర్వక్రీడాకారుడు జీన్ క్లాడ్ ఎంబ్వూమిన్ అట్టివారిని ఆదుకొనుటకే 2000లో ఫుట్ సాలిడేర్ అను సంస్థను స్థాపించెను. పదునెనిమిదేండ్లు నిండని వారిని ఒక దేశము నుండి మఱియొక దేశపు క్లబ్బునకు మార్చుటను, కొన్ని మినహాయింపులు తప్ప, ఫిఫా నిషేధించియున్నది. నీకు పదునేడు. కావున ఈ ఏడే నిన్ను చేర్పించెదనన్నవాడు ఆ నిబంధన నెఱుగనివాడో, నీవెఱుగవని తలచినవాడో అయియుండవలెను. ఎవడైనను మనకు పనికిరాడు. ఏజెంటగువాడు ఫిఫా పరీక్ష నెగ్గి లైసెన్సు పొందవలెను గనుక, ముందు అది చూపుమనుము. పిదప ఆ క్లబ్బునకే నేరుగా వ్రాసి విచారింపుము.

పోవలదని నా అభిమతము కాదు. నిజామాబాదు జిల్లాలోని తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య మొదట పరుగుపందెములలో పాల్గొని, పిదప ఫుట్‌బాలునకు మరలి, గోకులం కేరళ జట్టులో రాణించి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టునకు పోయినది. అటుపిమ్మట స్వదేశమునకు వచ్చి ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడినది. విదేశవాసము ఆటగత్తె జీవితములో ఒక ప్రకరణము. పోయి, నేర్చి, మరలివచ్చుటలో చిన్నతనమేమియు లేదు. సెనెగల్ దేశీయుడు సాడియో మానే ఫ్రాన్సులోని మెట్జ్ నగరమునకు చేరిన తొలినాళ్ళలో, క్రొత్తవాడనగు నన్ను పంపివేయుదురేమోయని కాబోలు, గాయమును మఱుగుపఱచి ఆడి, తుదకు శస్త్రచికిత్స పాలయ్యెను. అతని పరిశ్రమను అనుకరింపుము గాని ఈ దాపరికమును మాత్రము వలదు. మోకాలు నొచ్చిన నాడే వైద్యునికి చెప్పుము.

ఇక నీ రెండవ మాట. పేరు వచ్చిన పిదప మన ఊరిలో పచ్చిక మైదానము కట్టించెదనంటివి. సంకల్పము శ్లాఘనీయమే. కాని పడమటి కనుమల వర్షచ్ఛాయలో పడి, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయైనను అదనునకు కురియునను నమ్మకము లేని సీమ మనది. వందల అడుగుల లోతునకు వేసిన బోర్లు ఎండిపోయి చెనిక్కాయ పైరు కన్నులయెదుట మాడుచుండగా, ఆటకొఱకు నీరు పోసి గడ్డి పెంచుట పాపము కాకపోయినను వివేకమనిపించుకొనదు. ఎఱ్ఱమట్టి నేలమీదనే గదా నీవు ఆట నేర్చితివి!

బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కఱవుసీమకు వచ్చినప్పుడు ఆటస్థలముతో ఆరంభింపలేదు. ఆయన నెలకొల్పిన ఆర్డీటీ సంస్థవారి బావులు, బడులు, ఇండ్లు, బత్తలపల్లి ఆసుపత్రి మున్నగువానితో పల్లెలు కొంత ఊపిరి పీల్చుకొనిన తరువాతనే క్రీడాగ్రామము వెలసినది. 2010లో రాఫెల్ నడాల్ టెన్నిస్ బడి దానిలో చేరినది. మానే కూడ ఈ క్రమమునే పాటించెను. తన స్వగ్రామమగు బంబాలిలో ఆసుపత్రి లేని కాలమున, ఏడేండ్ల వయస్సునందే తండ్రిని పోగొట్టుకొన్న యతడు, ధనికుడైన పిదప ఆ ఊరికి పాఠశాలను కట్టించెను; 2021లో ఆసుపత్రియు తెఱువబడెను. ఊరికేమి కొఱవడినదో దానినే ముందు తీర్చుట వారిరువురి పద్ధతి. నాకు మాత్రము, పేరు చెక్కిన గ్యాలరీలను కట్టించి పోవు దాతలకంటె, ఎవరి పేరును లేక నెలనెల ఒక శిక్షకురాలికి జీతమిచ్చువారియందు గౌరవము మెండు. శిక్షకురాలనుటకు కారణమున్నది: ఆమె యున్నచోటికి తల్లులు తమ కూతుండ్రను సంశయింపక పంపుదురు. ఆట ముగిసిన పిల్లకు ఒక గ్రుడ్డును, గుప్పెడు ఉడికిన చెనిక్కాయలును దొరకినచో మఱునాడును వచ్చును. ఖర్చు ఇంతియే.

దీనికి నీవు ప్రసిద్ధురాలవగువఱకు ఆగనక్కఱలేదు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు, ఎండ దిగిన పిదప, బడి వెనుకటి బయలులో ఊరి పిల్లలను ప్రోగుచేయుము. బంతులు నేను కొనియుంచెదను. ఆడపిల్లల తల్లులతో మాటలాడు భారము మీ అవ్వ తన మీద వేసికొన్నది.

ఇట్లు,
మీ తాత.